ఇద్దరం లోపలికి

పొగలో మా రూలు ఒకటే:
ఇద్దరం లోపలికి, ఇద్దరం బయటికి.
కళ్ళు పనికిరావు అక్కడ.
ముందు పాకుతున్న మనిషి బూటు మడమ
చేతికి తగులుతూ ఉండాలి, అంతే.
పంతొమ్మిదేళ్ళు నా చేతికి తగిలిన మడమ
మార్వెల్లా టిబ్స్‌ది.

టొలీడోలో నది గడ్డకట్టిన జనవరి.
స్టేషన్ వంటింట్లో బీన్స్ ఉడుకుతున్నాయి.
ఆమె లాకర్లో ఎవరో
పాత తాడు ముక్కని ఉరిలా ముడేసి వేలాడదీశారు.
ఎవరో అన్నాను చూడండి,
ఎవరో నాకు తెలుసు.
ఎనిమిది మందిమి చూశాం.
ఎనిమిది మందిమీ ఆ తర్వాత
గిన్నెల్లోకి చూసుకున్నాం.

ఆమె అరవలేదు. ఫొటో తీసింది.
పసుపు కాగితాల పుస్తకంలో తేదీ వేసింది,
మంట ఏ మూల మొదలైందో రిపోర్టులో రాసే
అదే చేతిరాతతో.

నిప్పు లేనిదే పొగ రాదంటారు.
ఆఫీసులో మాత్రం
నిప్పు సంగతి వదిలేసి
పొగ ఎందుకు పెడుతున్నావని ఆమెనే అడిగారు.

ఫిర్యాదు ఇచ్చిన పదకొండో రోజు
గోదాముకి బదిలీ.
గొట్టాల ఇత్తడి కీళ్ళు లెక్కపెట్టే పని.
శిక్ష కాదు, శాఖ అవసరం అంది ఉత్తర్వు.
ఆమె కీళ్ళు లెక్కపెట్టింది.
రెండు వేల నూట నాలుగు.
అదీ పుస్తకంలో రాసుకుంది.

మనుషులు చాలక ఒక రాత్రి వెనక్కి పిలిచారు.
లగ్రాంజ్ వీధిలో పరుపుల దుకాణం.
రెండో అంతస్తు నుంచి రేడియోలో ఆమె గొంతు:
నీళ్ళు. నీళ్ళు కావాలి.
ఎవరూ పలకలేదు.
నేను పంపు దగ్గరే ఉన్నాను.
నా చెయ్యి మీట మీదే ఉంది.
అందరూ నావైపు చూస్తున్నారనిపించింది.
తర్వాత తిప్పాను.
ఆ 'తర్వాత'లో ఎంత పట్టిందో
అప్పుడు లెక్కపెట్టలేదు.

చట్టం ఫైరింజను కాదు,
సైరన్ మోగిస్తూ మన గుమ్మంలోకి రాదు.
దాని గుమ్మం దగ్గరికి మనమే నడవాలి,
తేదీలు వరుసగా పేర్చుకుని.
మూడు వందల రోజుల్లోపు అంది లాయరు ఓడమ్,
మూడు వందల ఒకటో రోజున
నీ బాధ నిజమే కానీ ఎక్కడా చెల్లదు.
మార్వెల్లా రెండు వందల పన్నెండో రోజున ఇచ్చింది.

నాకొచ్చిన కాగితం మూడుసార్లు చదివాను.
ఫిర్యాదు చేసినవాళ్ళనే కాదు,
సాక్ష్యం చెప్పినవాళ్ళనీ ముట్టుకోకూడదట.
రాసి ఉన్నంత మాత్రాన ముట్టుకోరని కాదు.
మా హెల్మెట్ లోపల కూడా ఒక చీటీ ఉంటుంది:
ఇది గాయాన్నీ చావునీ
పూర్తిగా ఆపలేదు.
అయినా అది పెట్టుకునే లోపలికి వెళ్తాం.

పెన్షన్‌కి ఇంకా ఇరవై ఆరు నెలలు.
ఇల్లు కాలుతుంటే చుట్టకి నిప్పడిగినట్టు
కెప్టెన్ వచ్చి, భుజం మీద చెయ్యి వేసి,
శనివారం బౌలింగుకి వస్తున్నావా కాజ్ అన్నాడు.
ఆ చెయ్యి బరువు
ఇప్పటికీ చొక్కా మీద ఉన్నట్టే ఉంది.

వెళ్ళలేదు.
శనివారం లాయరు ఆఫీసులో కూర్చుని రాశాను.
తాడు. ముడి. వేసినవాడి పేరు, రెండు l లతో.
బీన్స్. మా గిన్నెలు.
పంపు దగ్గర నేను. ఐదు సెకన్లు ఆలస్యం చేశాను.

బల్లకి అవతల మార్వెల్లా.
కృతజ్ఞత కోసం చూశాను, సిగ్గు లేకుండా.
ఆమె కళ్ళద్దాలు సర్దుకుని చివరిదాకా చదివింది.
ఒక్కచోట వేలు ఆగింది.

"ఐదు కాదు, ఏడు.
రికార్డింగు విన్నాను."

ఐదు కొట్టేశాను.
ఏడు రాసి, పక్కన పొడి అక్షరాలతో సంతకం చేశాను.
కాగితం తిప్పి ఆమెకిచ్చాను.
ఆమె తీసుకుని, లేచి, ముందు నడిచింది.
వెనక నేను.