మైకు ఆపలేదు

పొద్దున అయిదుంపావు. క్విన్సిగమాండ్ సరస్సు మీద
మంచు ఇంకా లేవలేదు.
ఎనిమిది మంది వెనక్కి చూస్తూ ముందుకి పోతారు,
దారి చూసేది నేనొక్కదాన్నే,
నలభై తొమ్మిది కిలోల కాక్స్‌ని,
తెడ్డు లేనిదాన్ని, గొంతు మాత్రం ఉన్నదాన్ని.
రేవతి వీళ్ళ నోట్లో రేవ్ అయింది.
రేవంటే పడవ ఆగే చోటని చెప్పాక
వారం రోజులు నన్ను తాడుతో కట్టేస్తామన్నారు.

నాకెదురుగా స్ట్రోక్ సీటులో ఆడ్రా పెట్కస్.
మోకాళ్ళ మధ్య జానెడు జాగా.
రెండేళ్ళుగా, వారానికి ఆరు రోజులు,
ఆ ముఖం నా మీదికొచ్చి, వెనక్కి జారి, మళ్ళీ వస్తుంది
నిమిషానికి ముప్పై రెండుసార్లు.
ఎక్కడ చూడాలో మీరే చెప్పండి.

డిసెంబరులో ఆ ముఖాన్ని చేత్తో తాకాను,
బోట్‌హౌస్‌లో, తెడ్ల అరల వెనక,
గ్రీజు వాసనలో, తడిసిన ఉన్ని టోపీల వాసనలో.
కోలీన్‌కి గర్ల్‌ఫ్రెండ్ ఉందని టీమంతటికీ తెలుసు.
మా కోచమ్మ భార్య రేసులకి నారింజ తొనలు తెస్తుంది.
ఇక్కడ భయం లేదు.
భయం వంతెన మీద ఉంది.

రూట్ నైన్ వంతెన. ఇవతల వూస్టర్, నా కాలేజీ,
అవతల ష్రూస్‌బరీ, మా ఇల్లు.
ఆరింటికి అమ్మ పాత కామ్రీలో దాని మీంచి
ఫార్మసీ డ్యూటీకి వస్తుంది.
ఆరింటికే నేను దాని కిందనుంచి పోతాను.
అమ్మ కిందికి చూడదు, లేన్ మారడమంటేనే ఆమెకి గుండెదడ.

ఆ రోజు కమాను కింద పడవ ఆపాను.
కోచ్ లాంచీ ఎక్కడో మంచులో వెనకబడింది.
పైన చక్రాలు ఉరుముతుంటే తలెత్తి,
రాత్రంతా కూర్చుకున్న మాటల్ని
ఒక్కసారి అని చూసుకున్నాను, నాలో నేను, తెలుగులో:
"అమ్మా, ఆడ్రా అంటే నాకిష్టం. స్నేహం కాదు.
మేము కలిసి ఉంటున్నాం."

మైకు ఆపలేదు.
సీట్ల కింది స్పీకర్లు అందరికీ అప్పజెప్పాయి,
వంతెన ఇంకోసారి చెప్పింది.

ఆడ్రాకి తన పేరొక్కటే అర్థమైంది.
చెవులు ఎర్రబడ్డాయి, చలికేనేమో.
మూడో సీటు నుంచి ఎఫువా:
"నాకిష్టం అంటే ఏంటి, రేవ్?"
గాలివాటం అనో, తెడ్డు లోతు అనో అంటే
నమ్మేసేవాళ్ళే.
చెప్పేశాను.
తెడ్ల కొసల్నుంచి నీళ్ళు చుక్కలు చుక్కలుగా.
"అంతేనా?" చివర్నుంచి కోలీన్ అరిచింది,
"అది మాకు ఫిబ్రవరిలోనే తెలుసు.
కాళ్ళు కొయ్యబారుతున్నాయి, పదండి."

ఎఫువా వదల్లేదు. "మరి, మేము?"
"వుయ్ అని. కానీ వినేవాళ్ళు అందులో ఉండరు.
వాళ్ళనీ కలుపుకుంటే, మనం."
"రెండున్నాయా మీకు!
అయితే మీ అమ్మ దగ్గర తప్పుమాట వాడుతున్నావేమో, చూసుకో."
లేదు ఎఫువా, సరైన మాటే.
అదే కదా నొప్పి.
రెడీ, అన్నాను. గొంతు వణికింది.
స్పీకర్లు ఆ వణుకునీ దాచలేదు.

ఆ ఆదివారం చెప్పలేదు. పై ఆదివారమూ చెప్పలేదు.
మే నెలలో, కారులో, సరిగ్గా ఆ వంతెన మీద,
ముందు కూర్చుకున్నదేదీ గుర్తురాక
ఎలాగో చెప్పాను.
అమ్మ ఇండికేటర్ వేసి కుడి లేన్‌లోకి వచ్చింది.
తీయడం మర్చిపోయింది.
టిక్కు, టిక్కు, ఇంటిదాకా. అలవాటు కొద్దీ లెక్కపెట్టాను,
నిమిషానికి ఎనభై ఆరు,
ఆ వేగంతో ఏ జట్టూ తెడ్డెయ్యలేదు.

ఇంటి ముందు, ఇంజను ఆపకుండా,
"మేము," అంది అమ్మ. ప్రశ్నలా కాదు,
ఏదో మందు పేరు లేబుల్ మీద చదివినట్టు.
"ఇండికేటర్, అమ్మా."
"చూశాలే," అంది.
తీయలేదు.