ఎన్ని పాయింట్లు

ఇరవై రెండేళ్ళు సుద్దముక్కతో
దేశాల సరిహద్దులు గీసి, గంట కొట్టగానే చెరిపేసినదాన్ని.
మొన్న ట్రైనింగులో చెప్పారు:
ఇకమీదట పాఠం ఇంటి దగ్గర, ఇంటిపని బడి దగ్గర.
చొక్కా తిరగేసి తొడుక్కోమన్నట్టు అనిపించింది.
పోనీలే, కుట్లెక్కడున్నాయో కనిపిస్తాయి అనుకున్నాను.

ఆ రాత్రి వంటింట్లో
కందిపప్పు డబ్బాకి ఫోన్ ఆనించి
పరిశ్రమలు నగరాన్ని ఎలా పెంచుతాయో
ఆరు నిమిషాలు మాట్లాడాను.
మూడో నిమిషంలో గూడ్సుబండి కూసింది.
తీసేయడం చేతకాక అలాగే పంపాను.
పెదగంట్యాడ నుంచి నడుపూరు దాకా
ముప్ఫై ఆరు ఇళ్ళలో అదే కూత.

ముప్ఫై ఎనిమిది కావాలి నిజానికి.
కుర్మారావు ఇంటి ఫోన్ వాళ్ళ నాన్నతో రెండో షిఫ్టుకెళ్ళింది.
తేజస్వి వాళ్ళ అమ్మ రీచార్జి ఒకటో తారీకున గాని చేయించదు.
ఇద్దరినీ మెట్ల మీద కూర్చోబెట్టి
నా ఫోన్లో నన్నే చూపించాను.
తెర మీద నేను మాట్లాడుతుంటే
పక్కన నేను నోరు మూసుకుని కూర్చోవడం
అదే మొదలు.

తర్వాత ఆట.
బెంచీలు గోడకి నెట్టి నేల మీద చార్టు పరిచాం.
విశాఖపట్నం. నీలం సగం, తెలుపు సగం,
మూలన యారాడ కొండ.
రేవు కడితే యాభై. పట్టాలు వేస్తే ముప్ఫై.
ఫ్యాక్టరీకి వంద.
అడ్డొచ్చిన ఊరు జరిపితే పది.
ఆ పది నేనే రాశాను,
లెక్క కుదరడం కోసం.

ట్యాబ్‌లో అంకెలు ఎగబాకుతుంటే
వెనక బెంచీ అనే చోటే లేకుండా పోయింది.
రోజూ కిటికీలోంచి క్రేన్లు లెక్కపెట్టే బంగార్రాజు
ఓడకి ఎంత పన్ను వేయాలో గొంతు చించుకుంటున్నాడు.
"ఏటమ్మా ఈ గోల" అంటూ వచ్చిన హెచ్చెమ్ గారు
వంగి, ఒక ఓడని ముందుకు తోసి వెళ్ళిపోయారు.

మూడో జట్టు మాత్రం కదల్లేదు.
వంతు లిఖితది.
ఊరి మీద చెయ్యి పెట్టింది, తియ్యదు.
ఊరంటే అగ్గిపెట్టె,
దాని మీద ఎర్ర స్కెచ్చుతో గీసిన పెంకులు.
"జరిపెయ్యే, టైమైపోతంది!"
"ఎక్కడికి జరపాల టీచర్?
చార్టులో చోటు గియ్యనేదు కదా."

గియ్యలేదు.
ఊరు తీసిన చేతికి పది ఇచ్చానే గాని
తీసిన ఊరు ఎక్కడ పెట్టాలో నా ఆటలో లేదు.

మర్నాడు ఆ పిల్ల ఒక కార్డు తెచ్చింది.
ప్లాస్టిక్ కవరు, లోపల ఇంకో కవరు,
లోపల పాత చీరముక్క,
అందులో నాలుగు మడతల కాగితం.
మడత పడ్డచోటల్లా అక్షరాలు రాలిపోయాయి.
ఆర్ కార్డు.
ఉక్కు కర్మాగారానికి ఊరిచ్చినవాళ్ళకి ఇచ్చినది.
ఆట కార్డుల వరసలో
రేవుకీ రైలుకీ మధ్య దాన్ని పెట్టి
"దీనికెన్ని పాయింట్లు టీచర్?" అంది.
ఎగతాళి కాదు. ఆ పిల్లకి నిజంగా తెలియాలి.

ట్యాబ్ నిద్రపోయి నల్లబడింది.
ఎవరూ తాకి లేపలేదు.

పది అని ఉన్నచోట తెల్లరంగు పూశాను.
ఏం రాయాలో పిల్లలు నాలుగు రోజులుగా వాదించుకుంటున్నారు.
కుర్మారావు వెయ్యి అంటాడు.
తేజస్వి, అసలు ఊరికి పాయింట్లేమిటి అంటుంది.

ఈ వారం వీడియో నాది కాదు.
లిఖిత తీసింది, చెయ్యి వణికింది,
సగం తెర గడపే.
గడప మీద వాళ్ళ మామ్మ సన్యాసమ్మ.
"ఈ కార్డు సూపిత్తే ఉజ్జోగమొస్తాదని
మీ తాత ఇత్తిరీ సొక్కా ఏసుకుని తిరిగీవోడు.
సొక్కా సిరిగిపోనాది. ఇది మిగిలినాది."
అంతలో దూరంగా గూడ్సుబండి.
మామ్మ మాట ఆపి, చెయ్యెత్తి, చెవి అటు పెట్టి
"అదిగో," అంటుంది,
"మా కల్లం మీంచే ఎల్తన్నాది."