దుమ్ముకో గడి

గీలాంగ్ రేవు ఒడ్డున మా లైబ్రరీ
ఒకప్పుడు ఉన్ని గోదాము.
వాన పట్టిందంటే ఇప్పటికీ
మూడో అంతస్తు దూలాలు
తడిసిన గొర్రె వాసన వేస్తాయి.
ఇంజినీరింగ్ అల్మరాల మధ్య నిలబడి
ఎవరో ఒకరు ముక్కు ఎగబీలుస్తారు.
నేనేమీ చెప్పను.

ఆంటె కోవచిచ్ నేలకి చెవి ఆనించి వింటాడు.
పలకల కింద సెన్సర్లు, సెన్సర్ల నుంచి తీగలు.
"ఉన్ని కన్నా పుస్తకం బరువు" అన్నాడు మొదటి రోజే.
ఆదోనిలో జిన్నింగు మిల్లు కాటా పక్కన పెరిగినదాన్ని,
నాకది కొత్త సంగతి కాదు.
దూది బేళ్ళ మీద బోర్లా పడుకుని చదివేదాన్ని.
దూది తేల్చేది,
కాయితమే కిందికి లాగేది.

రోవెనా టకర్‌ది వ్యాపారశాస్త్రం.
ఆమెకి నేలంటే చదరపు మీటరు అద్దె.
ఒక్కో పుస్తకం తిన్న అద్దెని
అది గడప దాటి వెళ్ళిన సార్లతో భాగిస్తుంది.
సున్నాతో భాగించమంటే
యంత్రం ఒప్పుకోదు,
గడిలో ఎర్రగా కేక పెడుతుంది.
అలా ఎర్రబడ్డవి పదకొండు వేల నాలుగు వందలు.

ఇద్దరి మధ్యా నేను,
చేతిలో స్కానర్.
అట్ట లోపల అంటించిన చిప్పు
పెసరగింజంత ఉండదు.
పలకరిస్తే పేరు చెబుతుంది,
గడప దాటితే తేదీ చెబుతుంది.
దాటకపోతే
చెప్పుకోడానికి దానికేమీ లేదు.

జులై. చలి. హీటరు పాడైన వారం.
నలభై రెండో అల్మరా, కింది నుంచి రెండో వరస.
తీగతాళ్ళ అరుగుదల మీద ఒక లావు పుస్తకం,
యాభై ఎనిమిదిలో అచ్చయినది.
అప్పుకెళ్ళింది: సున్నా సార్లు.
లాగబోయి ఆగాను.
అటూ ఇటూ పుస్తకాల ముందు
చెక్క మీద మెత్తగా దుమ్ము,
దీని ముందు మాత్రం
పుస్తకమంత వెడల్పున శుభ్రమైన దారి.
ఎవరో లాగుతున్నారు, తోస్తున్నారు,
ఈ చలిలో, ఇక్కడే, నిలబడి చదివి పోతున్నారు.
నూట పన్నెండో పేజీ మడతలో
బిస్కెట్ పొడి.

ఆ రాత్రి పట్టికలో ఒక వరస కలిపాను.
పేరు: దుమ్ము.
ఉంది, లేదు, కొంచెం.

"కొంచెమంటే ఎంత?" అంది రోవెనా.
కాకి లెక్కలనే మాట ఆమె భాషలో లేదు గానీ
కనుబొమ్మలో ఉంది.
ఆంటె నవ్వలేదు. మర్నాడు ల్యాబ్ నుంచి
మిల్లీగ్రాములు తూచే త్రాసు తెచ్చాడు,
మెత్తటి కుంచె, గాజు మూతలు.
వారం రోజులు ముగ్గురం మోకాళ్ళ మీద
దుమ్ము ఊడ్చి తూచాం.
రోవెనా తుమ్మింది.
ఒక అల్మరా లెక్కంతా గాల్లో కలిసింది.
మళ్ళీ మొదలు.

రెండు వందల ఆరు పుస్తకాలు
ఎక్కడికీ వెళ్ళకుండా బతుకుతున్నాయని తేలింది.
మిగతావి వెళ్ళిపోయాయి,
నేనే లారీకెత్తించాను,
రసీదు మీద సంతకం నాదే.
తీగతాళ్ళది ఉంది.
దాని మనిషెవరో ఇప్పటికీ తెలీదు.
ఒకసారి మెట్ల దగ్గర, వెనక,
జేబులో బిస్కెట్ కాయితం చప్పుడైంది.
నేను తిరిగి చూడలేదు.

పత్రం అచ్చయింది. ఇద్దరి పేర్లు.
చివర, చీమల్లాంటి అక్షరాల్లో,
"గ్రంథాలయ సిబ్బందికి కృతజ్ఞతలు."
సరే.
అచ్చయిన ఏ పత్రమైనా
కేటలాగు ఎక్కాలంటే నా బల్ల మీదికే రావాలి కదా.
విషయమేమిటని అడిగింది తెర.
గ్రంథాలయ నిర్వహణ, అని కొట్టాను.
కట్టడాల భారం. ఖర్చులు.
ఇంకో గడి ఖాళీగా ఉంది.
వాళ్ళిద్దరి లెక్కలో
వేలు పెట్టాను:
దుమ్ము.