అట్టలేని డిక్షనరీ

రుయా ఆసుపత్రి గేటుకెదురుగా
నాది జెరాక్స్ కొట్టు.
కాపీకి రెండు రూపాయలు.
రిపోర్టు చదివి చెప్పడం ఉత్తినే.
ఆ పని నాకెవరూ ఇవ్వలేదు.
డిగ్రీ రెండో ఏడు దాకా వెలగబెట్టినందుకు
దానంతటదే వచ్చి మెడకు పడింది.

బేరివీధిలో పాత కాగితాల మస్తాను
కిలో లెక్కన తూచి ఇచ్చిన డిక్షనరీ ఒకటుంది.
అట్ట లేదు.
'ఎ' తో మొదలయ్యే మాటలన్నీ చెదలు తినేశాయి.
అందుకే ఆస్తమా ఉన్నోళ్ళకు
నేను చెప్పగలిగింది ఏమీ లేదు.
మిగిలిన ప్రతి మాటకూ పుట్టిల్లు రాసుంటుంది:
ఏ దేశంలో పుట్టి, ఎన్ని నోళ్ళలో అరిగి
ఈ చీటీ మీదికి కాపరానికొచ్చిందో.

చంద్రగిరి నుంచి వచ్చిన ముసలాయన చీటీలో
క్యాటరాక్ట్ అని ఉంది.
వెతికితే, జలపాతం.
"తాతా, నీ కండ్లలో తలకోన దూకతా ఉందంట" అన్నాను.
ఆయన కాసేపు ఆలోచించి
"అదా, పొద్దన్నించీ తుంపర తుంపరగా అగపడేది" అన్నాడు.

ఆ రాత్రి షట్టరు దించి ప్యూపిల్ చూశాను.
చిన్న బొమ్మ అని అర్థమంట.
లాటిన్ మాట్లాడేవాడెవడో
ఎదుటి మనిషి కంట్లోకి తొంగిచూసి
బుల్లిగా తనను తానే చూసుకుని పెట్టిన పేరు.
మనవాడూ అట్లే తొంగిచూసి పాప అన్నాడు.
ఒకరి ఊరు ఒకరికి తెలియదు,
ఇద్దరి ముందరా ఎవరో ఒకరు
రెప్ప వెయ్యకుండా కూర్చునుంటారు.

గంగజాతర వారంలో
ఒంటినిండా కుంకుమ పూసుకున్న బండవేషం పిల్లోడు
ఆధార్ కాపీకి వచ్చాడు. కార్డుకు ఎర్రటి వేలిముద్రలు.
మిషన్ వేడెక్కే లోపల
ఊరికే ఉండలేక చెప్పాను:
పెద్దమ్మవారిని దొరలు స్మాల్ పాక్స్ అనేవాళ్ళు,
వాళ్ళకు అంతకన్నా పెద్ద పుండ్ల జబ్బు
ఇంకొకటి ఉండేదిలే, అందుకని.
వాడు నవ్వితే చెంప మీద కుంకుమ పగిలింది.
"వాళ్ళు చిన్నదంటే అయిపోతుందా అన్నా,
అంబలి పోసేది మనం గదా."

పాత ఇంగ్లీషులో లీచ్ అంటే వైద్యుడు.
జలగకూ అదే పేరు.
ప్రైవేటు ఆసుపత్రి బిల్లులు
కట్టలు కట్టలుగా కాపీ తీసేటప్పుడు
ఈ సంగతి నేనెవరికీ చెప్పను.

హాస్పిటల్ అనే మాట అడుగున
ఒక అతిథి కూర్చుని ఉన్నాడని తెలిసిన రోజు
తెల్లవారుజామున గేటు దగ్గరికి పోయి చూశాను.
వరండాలో దుప్పట్లు పరుచుకున్న అతిథుల్ని
సెక్యూరిటీ అతను
లాఠీతో నేల మీద కొట్టి లేపుతున్నాడు.
పాపం, ఆయన దగ్గర డిక్షనరీ లేదు.

నిన్న పాకాల దొరసానమ్మ వచ్చింది.
మూడు నెలలు, నాలుగు ఫైళ్ళు.
మోచేతి నుంచి వేళ్ళదాకా మంట.
"ఆఖర్న ఏందో రాసినారు, ఏమని సామీ?"
ఇడియోపతిక్.
'ఐ' పేజీలు చెదలకు దక్కలేదు.
పుట్టిల్లు గ్రీకు. తనదైన బాధ.
కింద చీమతలంత అక్షరాల్లో
కారణం తెలియనిది.
రెండిట్లో ఏది చెప్పాలో తోచక
మొదటిదే చెప్పాను.
"నీ నొప్పి నీదేనంటమ్మా."

కోప్పడుతుందనుకున్నాను.
"దీనికా ఇన్ని దినాలు తిప్పింది!
నన్నడిగింటే మొదట్నాడే చెప్పుందును గదా" అని
కొంగులో చిల్లర విప్పింది.
కాపీ బయటికొచ్చింది, వెచ్చగా.
ఆమె దాన్ని మడవలేదు, సంచిలో పెట్టలేదు.
మోచేతికి చుట్టుకుని
పాకాల బస్సు హారన్ కొట్టేదాకా
అట్లే నిలబడింది.