గరటకొలత

దున్నపోతు కొమ్ముని వేడి మీద వంచుతుంటే
జుట్టు కాలినట్టు ఒక వాసన.
పర్లాకిమిడిలో, మా వీధిలో పుట్టినవాళ్లకి
అది ఆకలేసే వాసన.

దళబెహరా గరటయ్య మా గుమ్మంలోకి వచ్చిన రోజూ ఇదే వాసనట.
మా ముత్తాత లచ్చయాచారి లేవలేదు.
చేతిలో కొమ్ము మెత్తబడి ఉంది, లేస్తే బిగుసుకుపోతుంది.
"నీ పని నువ్ సూసుకో" అన్నాట్ట ఆయనే,
చెప్పులు విప్పి రంపప్పొట్టు మీద కూలబడి.
"ముద్ర కావాల. నా పేరుతోటి."
"ఏ బాసలో?"
"రెండింట్లోనూ. సంతకొచ్చీవోలు రెండు బాసలోలు గదా."

అప్పటికి అయిదు రోజులు,
కొండకింద కోట తాళాలు ఆయన మొలకి ఎక్కి.
రాజు పోయాడు. పిల్లాడు పాలు మరవలేదు.
మేనమామ పల్లకీలో కుంఫిణీ దొర దగ్గరికి వెళ్లాడు.
మహేంద్రగిరి దారుల్లో ముప్ఫయ్యేళ్లు
వానలో నిలబడ్డవాడికి
ఒక పొద్దున్న నెత్తి మీద కప్పు దొరికింది, అంతే.
సింహాసనం ఎక్కలేదంటారు.
ఎక్కాడనీ అంటారు, ఒకే రాత్రి, దీపం ఆర్పేసి,
ఎలా ఉంటుందో చూద్దామని.
నడుంనొప్పి పుట్టి దిగిపోయాడట.
మా నానమ్మ ఇక్కడ నవ్వేది, ప్రతిసారీ.

పంతొమ్మిది రోజుల్లో ఏం చేస్తాడు మనిషి?
ఇద్దరిని కట్టేసి కొట్టించాడు. అందులో ఒకడు ఏ తప్పూ చేయలేదు.
ఇది నానమ్మ చెప్పలేదు,
ఆ ఒకడి మునిమనవడు నాకు కొమ్ములు అమ్ముతాడు, అతను చెప్పాడు.
బంట్ల బాకీ జీతాలకి గాదె తెరిపిస్తే
పైన లెక్కలు, అడుగున ఎలుకలు.
ఆ సాయంత్రమే దండోరా:
శిస్తు ధాన్యం కొలిచేటప్పుడు
కుంచం మీద గోపురం లేవకూడదు.
కర్రతో చదును చెయ్యాలి.
ఆ కర్ర తన బల్లెం విరగ్గొట్టి తనే చెక్కాడు.

ఇరవయ్యో రోజు ఏరు దాటి తుపాకులొచ్చాయి.
తాళాలగుత్తి గడప మీద పెట్టి
ముందు గుమ్మంలోంచే నడిచి వెళ్లాడు.
ఎవరూ కాల్చలేదు,
ఎవరనుకున్నారో.

తరవాత ఇరవై రెండేళ్లు బతికాడు.
గుణుపురం సంతలో చింతపండు తూచాడు,
చూపు మసకబారాక
త్రాసుముల్లు వేలితో తడుముకుంటూ.

ముద్ర నా దగ్గరే ఉంది, బొటనవేలంత.
తెలుగు వైపు గరట దాకా వచ్చింది.
ముద్ర కదా, తిరగేసి చెక్కుతారు,
ఊరికే చూస్తే టరగ.
ఒడియా వైపు అక్షరాల పై వంపులే గీసి ఉన్నాయి.
వరసగా గొడుగులు,
కింద మనుషుల్లేరు.

మొన్న కాశీనగరం సంతలో
చోళ్లు అమ్మే ముసలామె కుంచం ఎత్తి అడిగింది,
"గరటకొలతా, గోపురమా?"
గరట అంటే ఏటని అడిగాను.
"ఏటో బాబూ, మా అమ్మ అలాగే అనీది."

గోపురమే అన్నాను.
కొనేవాణ్ణి కదా.