డబ్ల్యూ అంటే చలికాలమంట

గుత్తి రోడ్డు మీద నా రేకుల షెడ్డు ముందర
పసుపుపచ్చ బండి, పొట్ట నేలకు ఆనుకోని.
ర్యాంపు ఎక్కనంటాది.
రెండు చెక్కలేసి, పక్కన మోకాళ్ళ మీద కూచోని
"రా, రా, ఇంకొంచెం" అంటే
ముక్కు గీసుకోకుండా ఎక్కింది.

దిగినాయన సంజీవరాయుడు.
తాడిపత్రిలో నల్లబండల ఫ్యాక్టరీ. ఆడికి పోయేది మాత్రం జీపులో.
"దస్తగిరీ, చిక్కందే పొయ్యి.
మన ఎండలు నీకు తెలీనివా?
లారీలకు పోసేది డ్రమ్మే ఉండాది, తెప్పిస్తా."

నేను వెంటనే ఏం మాట్లాడలా.
పుల్ల పీకి, తుడిచి, మళ్ళీ ముంచి తీసి
కొసన నిల్చిన చుక్కను
బొటనేలికీ చూపుడేలికీ మధ్య రాసినా.

మా నాయన పని ఇది.
ఉసేనయ్య, బుడ్డల మిల్లులో ముప్పై ఏండ్లు.
ఇట్లే ఏళ్ళ మధ్య రాసి చెప్పేవాడు:
ఇది ఈ యేటి కాయ, ఇది పోయినేటిది,
దీంట్లో పామాయిలు కలిపినారు.
సేటు ముందరే అనేవాడు.
అందుకే ఆయన జీతం పెరగలా.
ఆయన చుక్కను నాలిక్కి రాసుకునేవాడు,
నేను వాసన కాడ ఆగుతా.

పెట్రోలు వాసన.

"రాయుడన్నా, ఈ బండి యాడికీ పోదు గదా?"
ఆయన టైర్ల తట్టు చూసినాడు.
ఆదివారం ఇంటి కాడ్నించి సప్తగిరి సర్కిల్,
ఒక టీ, నలుగురు పిల్లోళ్ళ ఫోటోలు, వాపసు.
ఇంజను కాగకముందే ఆపేస్తాడు.
కాలని పెట్రోలు గోడలెమ్మట జారి
నూనెలో కూడుకుంటాది.
ఎవరికీ చెప్పనివన్నీ నూనె నాకు చెప్తాది.

డబ్బా మీద రెండంకెలు. మొదటిదాని పక్కన డబ్ల్యూ.
డబ్ల్యూ అంటే చలికాలమంట.
మొదట చదివినప్పుడు నవ్వొచ్చింది.
అనంతపురంలో చలికాలమంటే
మఫ్లరు చుట్టుకున్న పాలాయన, అంతే గదా.
కానీ ఇంజనుకు ప్రతి తెల్లారీ చలికాలమే.
రాత్రంతా నూనె కిందికి దిగి సంపులో పండుకోనుంటాది,
పైన క్యాములు పెదాలెండి కాచుకోనుంటాయి.
తాళం తిప్పిన ఆ ఒక్క క్షణంలో
ఎవరు ముందు పైకి ఉరుకుతారనేదే లెక్క.
చిక్కటోడు మెట్లెక్కేలోపల
ఇనుము ఇనుమును తినేస్తాది.

రెండో అంకె ఎండది.
కాగినాక గూడా నిలబడాల.
నిమిషానికి లక్ష చుట్లు తిరిగే టర్బో ఇరుసు
వెంట్రుక మందమన్నా లేని పొర మీద తేల్తాందన్నా.
నీ లారీ నూనెను నేను తిట్టలా.
సంగటి ముద్ద మంచిదే,
పసిబిడ్డ గొంతులో పెడతామా?

"జీరో డబ్ల్యూ ఫార్టీ. సింథటిక్. ఏడున్నర లీటర్లు.
బుక్కులో ఉండాది, చూడు."
నా బొటనేలి ముద్ర ఆ పేజీ మీద పడింది.
ధర చెప్తే ఈల వేసినాడు.
డబ్బా వంచి చూసి,
"నీళ్ళ మాదిరుండాది గదప్పా!
ఇంత దుడ్డు పెట్టి నీళ్ళు పోయించుకోవాల్నా?"

"నీళ్ళ మాదిరే అన్నా.
ఈ జిల్లాలో పుట్టినోనికి
నీళ్ళ ధర నేను చెప్పాల్నా?"

అప్పుడు నవ్వినాడు. పొయ్యమన్నాడు.

బోల్టు వదులు చేస్తే పాతది నల్లగా దిగింది,
తాడు మాదిరి మొదలై, చివర చుక్కలు చుక్కలుగా,
ఆ చుక్కలు ఆగేదాకా ఇద్దరం ఏమీ అనుకోలా.
ఫిల్టరు మార్చి, కొత్తది పోసి, మూత బిగించి
ఒక మాట చెప్పినా:
"వారానికొక తూరి
గుత్తి కోట కనపడేదాకా తోలన్నా.
సర్కిల్ కాడ తిప్పితే ఏ నూనె పోసినా ఒకటే."
తల ఊపినాడో, అద్దంలో జుట్టు చూసుకున్నాడో.

ఆదివారం, ఎండ ఇంకా ముదరలా.
ఒక ఆటో కింద పండుకోనుండా, ఫోను.
అవతల గాలి, లారీలు పోయే మోత.
"దస్తగిరీ, కోట కనపడతాందిప్పా."
పిల్లోని గొంతు.
"పక్కన ఆపినా."

"ఇంజను ఆపొద్దన్నా," అంటి,
"ఒక్క నిమిషం అట్లే తిరగనియ్యి."

ఫోను పెట్టెయ్యలా ఆయన.
నేనూ పెట్టెయ్యలా.
చెవి కాడ ఆ బండి చిన్నగా,
సమంగా, ఊపిరి తీసుకుంటాంది.