ఎనిమిది అంకెలు

రాంనగర్ చేపల మార్కెట్ వెనక, మెట్ల కింద
నాలుగడుగుల వెడల్పు దుకాణం నాది.
ఆదివారం పొద్దున ప్రింటర్ కూడా
బొచ్చె వాసన కొడుతుంది.

వచ్చేవాళ్లంతా ఒకటే మాట అంటారు:
"అన్నా, దిగింది గాని తెరుచుకుంటలేదు."
దిగడం వేరు, తెరుచుకోవడం వేరు.
ఇది నాకు అర్థం కావడానికే పదిహేడేళ్లు పట్టింది.

ముందు సైజు చూస్తాను.
సున్నా కేబీ ఉందంటే
పేరు రాసి పెట్టిన ఖాళీ డబ్బా అది.
మళ్లీ దించమంటాను, ఈసారి ఒక్కచోట నిలబడి.
లిఫ్ట్‌లో దించిన హాల్‌టికెట్లు ఎన్ని చూశానో!
మూడో అంతస్తు దాకా పిల్ల పేరు వచ్చింది,
నాలుగో అంతస్తులో ఫోటో చెవుల దగ్గర తెగింది.

తర్వాత తోక చూస్తాను.
చుక్క పక్కన మూడక్షరాలు లేకపోతే
అది ఎవరి బిడ్డో కంప్యూటర్‌కి తెలియదు.
ఎవడో తెలివిగలవాడు డాక్ ఫైలుకి
పీడీఎఫ్ అని పేరు మార్చి పంపుతాడు,
రవ్వకి కొర్రమీను చీటీ కట్టినట్టు.
కోస్తే తెలియదా?

కొన్ని తెరుచుకుంటాయి, మాట్లాడవు.
పాతికేళ్ల కిందటి ఫాంటులో కొట్టిన శుభలేఖ
నా తెర మీద డాలర్లూ కొక్కేలూ అయి లేస్తుంది.
వధువు పేరు చోట నాలుగు ఆశ్చర్యార్థకాలు.
ఆ ఫాంటున్న సిస్టం బల్ల కింద దాచాను.
లేవడానికి పది నిమిషాలు, ఫ్యాను ఆయాసం.
లేచాక మాత్రం ఒక్క వొత్తు కూడా పోనీదు.

మొన్న వానలో ఆండాలు వచ్చింది,
చీపురు బయట గోడకి ఆనించి,
ఫోను పాలప్యాకెట్ కవర్లో చుట్టుకొని.
ఇరవై రెండేళ్లు బస్తీ ఊడ్చిన మనిషి పీఎఫ్ కాగితం
మూడు రోజులుగా దిగుతూనే ఉంది.
ఒకటి, దాని నకలు, నకలుకి నకలు,
మొత్తం ఏడు.
"ఏడింట్ల ఒక్కటన్న తెరుచుకోదా సారూ?"

సైజు సరిగ్గానే ఉంది. తోకా ఉంది.
తాళం అడుగుతోంది:
పుట్టిన తేదీ, ఎనిమిది అంకెలు, నడుమ గీతలు వద్దు.

"ఎప్పుడు పుట్టినవమ్మా?"
"జొన్న కోస్తుండంగ."
నా వేళ్లు కీబోర్డు మీదే ఆగాయి.
"బేస్తారం నాడు. మా పెద్దనాయిన ఎద్దు సచ్చిన ఏడు.
మా అవ్వ గట్లనే చెప్పేది."

జొన్న కోతని ఏ మీటతో కొట్టను?
ఎద్దు చావుకి ఎన్ని అంకెలు?

ఆధార్ ఏదమ్మా అన్నాను.
కొంగుముడి విప్పి తీసింది.
జనవరి ఒకటి, పందొమ్మిది వందల అరవై తొమ్మిది.

"గది నా తారీకు కాదు సారూ.
రాసుకునే పిల్లగాడు అడిగిండు, తెల్వదన్న.
నా మొకం జూసి ఆడే ఏసిండు.
మా గల్లీల గా దినం పుట్టినోళ్లం పదకొండు మందిమి."

సున్నా ఒకటి సున్నా ఒకటి
ఒకటి తొమ్మిది ఆరు తొమ్మిది.

తెరుచుకుంది.

"ఆడు ఏసిన తారీకుకే తీసిందా!" అంది,
పైకి నవ్వింది గాని చూపు తెర మీంచి కదల్లేదు.
లోపల నెలలు వరసగా నిలబడి ఉన్నాయి.
కాంట్రాక్టరు మారిన చోట పద్నాలుగు గళ్లు
సున్నా, సున్నా, కింద మళ్లీ సున్నా.
అంకెలు చదవడం వచ్చు ఆమెకి.
వేలు పెట్టి ఒక్కొక్కటే లెక్కపెట్టింది.

"మల్ల దించితే వస్తయా సారూ గవి?"

రావన్నాను. ఫైలు మంచిగనే ఉందమ్మా.

బయట చీపురు జారి మెట్ల మీద పడింది.
ఎవరో దాటుకుంటూ పోయారు.
నేను బిల్లు పుస్తకం అటూ ఇటూ జరిపాను,
ఏం వెతుకుతున్నానో తెలియకుండా.

"గా సున్నాలున్న పేజీ" అంది ఆండాలు,
తడి చేతిని చీరకి తుడుచుకొని ఇరవై నోటు తీస్తూ,
"మూడు కాపీలు తియ్యి.
అక్షరాలు పెద్దగ రావాలె."